వార్షిక నివేదిక 2024–25: పతకాల వెంట మన నావికుల జాడ

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చిత్తూరులో ఎప్పటిలాగే విద్యార్థులకు పుస్తకాలు పంచింది, గ్రంథాలయపు పైకప్పును బాగుచేయించింది. వాటి జమాఖర్చులు కోశాధికారి జతపరిచిన పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కార్యవర్గం కోరిక మేరకు ఈ నివేదికను ఒకే పనికి కేటాయిస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాయల్ ఇండియన్ నేవీలో పనిచేసిన మన పెద్దల సర్వీసును, వారు ఇంట్లో వదిలి వెళ్లిన పతకాల సాయంతో తెలుసుకునే పని అది.

పలమనేరు వైపు నుంచి వచ్చి చిత్తూరులో స్థిరపడిన ఒక సభ్యుడు దసరా తరువాత ఒక రేకు డబ్బా తీసుకురావడంతో ఈ పని మొదలైంది. డబ్బాలో ఉన్నవి రెండు నక్షత్రాకారపు పతకాలు, ఒక గుండ్రటి తెల్లని పతకం, నలిగిన నల్లని పట్టీ ముక్క ఒకటి. వీటిని ఏటా ఆయుధపూజనాడు కొడవళ్లతో, కత్తిపీటతో కలిపి పీట మీద పెట్టి కుంకుమ పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఆయన పెద్దమ్మ మాతో, "మా తాత బర్మా యుద్ధానికి పోయినాడు నాయనా, ఆడ శానా అగచాట్లు పడినాడంట" అన్నారు. ఇంట్లో అంతకుమించి ఎవరికీ తెలియదు. ఆయన సిపాయి అనే అందరూ అనుకుంటూ వచ్చారు.

ఆ యుద్ధానికి ఇచ్చిన స్టార్లన్నీ, అంటే నక్షత్రాకారపు పతకాలన్నీ, ఒకే అచ్చులో ఉంటాయని సభ్యులు గమనించాలి. ఆరు కోణాలు, నడుమ కిరీటం, ఆరో జార్జి రాజు పేరును తెలిపే పొడి అక్షరాలు అన్నింటిలోనూ ఒకటే. ఏ రంగంలో పనిచేసినందుకు ఇచ్చారన్నది కిరీటం చుట్టూ ఉన్న అక్షరాలను బట్టి, రిబ్బను రంగులను బట్టి మాత్రమే తెలుస్తుంది. స్టార్లు రాగి, జింకు కలిసిన పచ్చని లోహంతో చేసినవి కనుక ఇత్తడి చెంబులాగే నల్లబడతాయి. అందుకే ఆ ఇంటి ఆడవాళ్లు పూజసామానుతో పాటు వాటిని కూడా ఏళ్ల తరబడి చింతపండు వేసి తోముతూ వచ్చారు. వారి భక్తిని నేను తప్పుపట్టను. కాని ఆ తోముడుకు ఒక నక్షత్రం మీది అక్షరాలు దాదాపు చదును అయిపోయాయి. రిబ్బను కూడా వెలిసి బూడిద రంగుకు దిగింది. పతకపు రింగు దగ్గర లోపలికి మడిచి కుట్టిన చోట మాత్రం, వెలుతురు సోకని గోరంత మేర, అసలు రంగులు మిగిలాయి. ముదురు నీలం, నడుమ ఎరుపు, నీలం మధ్యలో సన్నని నారింజ గీత: అది బర్మా స్టార్ రిబ్బను. రెండోదాని రిబ్బనులో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానమైన పట్టీలుగా ఉన్నాయి. అది 1939–45 స్టార్. ఆ మూడు రంగులు వరుసగా నౌకాదళానికి, భూసేనకు, వాయుదళానికి గుర్తులు.

గుండ్రటిది 1939–45 వార్ మెడల్. యుద్ధకాలంలో కనీసం ఇరవై ఎనిమిది రోజుల సేవకు ఇచ్చినది. ఒక వైపు రాజు తల, రెండో వైపు డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉంటాయి. రాగి, నికెల్ కలిసిన తెల్లని లోహం కావడం వల్ల అది నల్లబడలేదు, నల్లబడలేదు కనుక ఎవరూ తోమలేదు, తోమలేదు కనుకనే దాని అంచు మీది చిన్న అక్షరాలు బతికాయి. మన సభ్యులలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గదిలో దీపాలు ఆర్పి, టార్చిలైటును పక్కవాటుగా పట్టి, పతకాన్ని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ చదివారు. తరువాత పలచని కాగితం చుట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశారు. ఒక సంఖ్య, స్టోకర్ అన్న మాటకు కుదింపుగా మూడు అక్షరాలు, ఆయన పేరు, చివర ఆర్‌.ఐ.ఎన్‌. ఆ రాత్రికి గాని ఆ ఇంటివారికి తమ పెద్ద సిపాయి కాదని, రాయల్ ఇండియన్ నేవీలో బాయిలర్ గది మనిషి అని తెలియలేదు. బ్రిటన్‌లో తమవారికి ఈ పతకాలను పేర్లు లేకుండానే ఇచ్చారు. మనవారికి ఇచ్చిన వాటిలో ఇలా పేరు అచ్చువేసినవి దొరుకుతాయి కనుక అంచు చూడకుండా ఏ పతకాన్నీ పక్కన పెట్టవద్దని కోరుతున్నాను.

ఆయన నావికుడైతే బర్మా మాట ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు పతకం నియమాలలోనే ఉంది. నౌకాదళం వారు బర్మా స్టార్ పొందడానికి బర్మా నేల మీద అడుగుపెట్టవలసిన పని లేదు. 1939–45 స్టార్‌కు కావలసిన ఆరు నెలల సేవ పూర్తయ్యాక, 1941 డిసెంబరు 11కూ 1945 సెప్టెంబరు 2కూ మధ్య బంగాళాఖాతంలో నిర్ణయించిన హద్దుల లోపల తిరిగిన ఓడలో పనిచేసి ఉంటే సరిపోయేది. ఆ హద్దు సింహళం దక్షిణపు కొన నుంచి నేరుగా 300 మైళ్లు దక్షిణానికి దిగి, అక్కడి నుంచి సుమత్రా వైపు మళ్లుతుంది. మద్రాసు, విశాఖపట్నం ముందున్న నీళ్లు కూడా దాని లోపలివే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన సంగతి తలచుకుంటే, ఆ సముద్రం ఎంత అపాయమైనదో వేరే చెప్పనక్కరలేదు. 1945 ఆరంభంలో బర్మా పడమటి అంచైన అరకాను తీరాన సేనలను దించినప్పుడు తీరం మీదికి ఫిరంగులు పేల్చిన ఓడల్లో మన జమున, నర్బద ఉన్నాయి. మా నావికుడు వాటిలో ఉన్నాడో, తీరం కాచే చిన్న ఓడలో ఉన్నాడో పతకం చెప్పదు. అది సర్వీసు కాగితం మాత్రమే చెప్పాలి.

తాత ఓడలో బొగ్గు వేసేవాడని మనవరాలు ఒకరు అన్నారు. ఇది కూడా ఓడ పేరు దొరికితేనే తేలుతుంది. కృష్ణ, గోదావరి, కావేరి వంటి నదుల పేర్లున్న స్లూపులు, అంటే కాపలాకు వెళ్లే చిన్న యుద్ధనౌకలు, నూనెతో నడిచినవి. వాటి స్టోకర్ల చేతికి పార వచ్చేది కాదు, నూనె కవాటాలు (వాల్వులు) వచ్చేవి. సహాయక సేవకు తీసుకున్న చిన్న ఓడలు కొన్ని బొగ్గుతో నడిచేవి. డబ్బాలోని నల్లని పట్టీ మీద ఓడ పేరు ఉంటుందేమోనని ఆశపడ్డాం. అది టోపీ చుట్టూ కట్టే రిబ్బను. దాని మీద హెచ్‌.ఎం.ఐ.ఎస్‌. (రాజుగారి భారతీయ ఓడ) అన్న నాలుగక్షరాలే ఉన్నాయి. ఏ ఓడ ఏ రేవులో ఉందో శత్రువుకు తెలియకుండా యుద్ధకాలంలో ఓడ పేరు తీసివేసేవారు. ఓడ పేరు తెలిసిన సభ్యులకు ఒక జాగ్రత్త చెప్పాలి. దేశ విభజనలో ఓడలు కూడా పంచుకున్నారు. ఆనాటి గోదావరి పాకిస్తానుకు వెళ్లి సింధ్ అయింది, కృష్ణ మన వద్దే నిలిచింది. 1983లో మన నౌకాదళంలో చేరిన గోదావరి వేరే ఓడ. ఆ పేరుతో వెతికి తికమక పడవద్దు.

కాగితాలు వెతికేవారు పాత జిల్లా ఎల్లలు కూడా మనసులో ఉంచుకోవాలి. ఆనాడు మనది మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా. తిరుపతి చంద్రగిరి తాలూకాలో ఉండేది. 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్లిన తిరుత్తణి అప్పటికి మన జిల్లాలోదే. తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది 2022లోనే. ఇక పేర్ల సంగతి. ముని అన్న మాటతో మొదలయ్యే పేర్లు మన వైపు ఎన్ని ఉన్నాయో, ఇంగ్లీషు గుమాస్తా చేతిలో వాటికి అన్ని రకాల వర్ణక్రమాలు వచ్చాయి. పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే దొరకదు. సంఖ్యే ఆధారం. యుద్ధంలో మరణించిన నావికులైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వద్ద ఉన్న స్మారక పట్టికలలో వెతకవచ్చు. ఆనాటి నౌకాదళ వ్యవహారాల దస్త్రాలు కొన్ని న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, వాటి సూచిక ఇంటి నుంచే చూడవచ్చు.

పుత్తూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం వద్ద పతకమే లేదు. 1946లో నౌకాదళం నుంచి విడుదలైనట్లు చెప్పే ఒక పాత కాగితం మాత్రం ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ శిక్షణ కేంద్రంలో నావికుల సమ్మె మొదలై ఓడ నుంచి ఓడకు, రేవు నుంచి రేవుకు పాకింది. తరువాత పలువురిని ఉద్యోగం నుంచి తొలగించారు. పెద్దాయనను కూడా అలాగే పంపించారేమోనన్న బెరుకుతో ఆ ఇంట్లో రెండు తరాలు ఆ కాగితాన్ని బయట పెట్టలేదట. యుద్ధం ముగిశాక ఎందరినో మామూలుగానే ఇళ్లకు పంపించారు కనుక తేదీని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదని మేము వారికి చెప్పాం. ఒకవేళ సమ్మెలో పాల్గొని ఉంటే అది దాచుకోవలసిన విషయం కాదని కూడా చెప్పాం. ఆ కాగితం నకలును మన గ్రంథాలయంలో ఉంచడానికి వారు ఒప్పుకోవడం నాకు ఈ ఏడాది కలిగిన పెద్ద సంతోషం.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. మరో సభ్యుని ఇంట్లోని పతకాలను, వెల కడతామని చెప్పి ఒక వ్యాపారి పట్టుకెళ్లి, రిబ్బన్లు మార్చి, మెరుగు పెట్టించి తిరిగి ఇచ్చాడు. ఏ రిబ్బను ఏ పతకానిదో ఇప్పుడు చెప్పలేకుండా ఉన్నాం. అందువల్ల సభ్యులందరికీ కార్యవర్గం విన్నపం ఏమంటే, పతకాలను తోమవద్దు, రిబ్బను ఎంత చిరిగినా తీసివేయవద్దు, డబ్బాలోని బొత్తాము ముక్కనైనా పారవేయవద్దు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం గ్రంథాలయానికి తెస్తే మీ ఎదుటనే ఫోటోలు తీసి, అంచు చదివి, వస్తువును మీ చేతికే ఇస్తాం.

మొదటి కుటుంబం తరఫున నౌకాదళ రికార్డుల కోసం రాసిన దరఖాస్తుకు ఆ సంఖ్యతో ఆ పేరు కలవడం లేదని జవాబు వచ్చింది. పెన్సిలు అచ్చును భూతద్దం కింద మళ్లీ చూశాం. మేము మూడు అని చదివిన చివరి అంకెకు ఎడమ వైపు కూడా వంపు ఉంది. అది ఎనిమిది. సరిచేసిన సంఖ్యతో, వారసత్వ ధ్రువపత్రం జతచేసి, పెద్దమ్మ వేలిముద్రతో రెండో దరఖాస్తు మార్చి నెలలో రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం.

ఇట్లు,
కార్యదర్శి