రాయగడ తెలుగు కుటుంబాల సంఘం: ఈ ఏడాది పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. నేను చెప్పదలచుకున్నది ఇళ్లలో పొడిచెత్త వేరుచేసే పని గురించి.

కార్తీక వనభోజనాల నాడు నాగావళి ఒడ్డున సీసాలు, కప్పులు, ప్యాకెట్లు అన్నీ ఏరి మూడు బస్తాలకెత్తాం. పాత సామాన్లు కొనే ఆయన మూతి విప్పి చూస్తే లోపలంతా పులిహోర, సాంబారు. ఒక్కటీ తీసుకోలేదు. మంచి నీళ్ల సీసాలు కూడా ఆ జిడ్డుతోనే పోయాయి. నాకు చాలా బాధేసింది. మరుసటి ఆదివారం ఆయన్నే సంఘం గదికి పిలిచి కూర్చోబెట్టాం. ఆయన చెప్పినవీ, మేం తెలుసుకున్నవీ కలిపి మహిళా సభ్యులు తెలుగులోనూ ఒడియాలోనూ కాగితం వేయించి ఇంటింటికీ పంచారు.

ప్లాస్టిక్ వస్తువు మీద బాణాల త్రికోణం గుర్తుంటే చాలు, మళ్లీ వాడకానికి వెళ్లిపోతుందని మనలో చాలామంది నమ్మకం. అందులోని అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది. 1 అంటే నీళ్లు, కూల్‌డ్రింకు సీసాలు. వీటిని కరిగించి పాలియెస్టర్ నూలు తీస్తారు. 2, 5 గట్టి డబ్బాలు, వీటినీ కొంటారు. కడిగి ఆరబెడితే పాలప్యాకెట్టూ పనికొచ్చే సరుకే. దాని మూల మాత్రం పూర్తిగా తెగ్గొట్టకండి; ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు, కాలువలోకే పోతుంది. నూనె ఇంకిన మిఠాయి అట్టపెట్టె కాగితం కింద చెల్లదు.

చిప్స్ ప్యాకెట్టు దగ్గర పెద్ద వాదనే జరిగింది. లోపల మెరుపు చూసి అల్యూమినియం రేకనుకుంటాం. గుప్పిట్లో నలిపి వదలండి. తిరిగి విచ్చుకుంటే అది లోహపు పూత పూసిన ప్లాస్టిక్. పొరలు విడదీయడం కష్టం కాబట్టి కొనేవారుండరు. ఏరి పంపితే సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో కాలుతుంది, అంతే. పేపరు కప్పుకూ లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. చించి చూడండి.

కూల్‌డ్రింకు టిన్ను ఒక్కటి కూడా చెత్తలో వేయకండి. మన వైపు కొండల్లో బాక్సైటు తవ్వేది ఈ అల్యూమినియం కోసమే. ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో దాదాపు 5 శాతంతోనే పాత టిన్ను మళ్లీ లోహమవుతుంది. ఆ కొండలను రోజూ చూసే మనం దాన్ని పారేయడం నాకు మింగుడుపడదు.

మనం ఒడ్డున వదిలిన కవరు వానాకాలంలో నాగావళి వెంట ఆంధ్రాలోని తోటపల్లి బ్యారేజీ దాకా, మన చుట్టాల పొలాల దాకా పోతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలపై 2022 జూలై 1 నుంచి నిషేధం ఉన్నా మన విందుల్లో ఇంకా కనిపిస్తున్నాయి. అందుకే వచ్చే వనభోజనాలకు అడ్డాకు విస్తళ్లే వాడాలని కార్యవర్గం తీర్మానించింది. స్టీలు గ్లాసులు కొని సంఘం గదిలో ఉంచాం. పెళ్లిళ్లకు, పేరంటాలకు కావలసినవారు ముందురోజు చెప్పి తీసుకెళ్లి, తోమి తిరిగి అప్పగించాలి.

ఇట్లు,
కార్యదర్శి