చీముగడ్డకు మాత్ర రాసే ముందు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఐసీయూలు, వెంటిలేటర్లు, పెద్ద ఆపరేషన్ల తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లు, అన్నీ వివరంగా రాశారు. కానీ అది చదివినవాళ్లు ఈ గొడవంతా పెద్దాస్పత్రులదే, మనదాకా రాదులే అనుకుంటారేమోనని నా భయం. నేను చిన్న క్లినిక్ నడిపే డాక్టర్ని. ఆ బ్యాక్టీరియా నా దగ్గరికి తొడ మీద గడ్డగానో, చంకలో కురుపుగానో రోజూ నడుచుకుంటూ వస్తోంది.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పదకొండేళ్లవాడు. ఆటల్లో కిందపడి మోకాలు చెక్కుకుపోయింది. నాలుగు రోజులకి ఆ పక్కనే ఎర్రగా ఉబ్బింది. ఏదో పురుగు కుట్టి ఉంటుందని వాళ్లమ్మ అనుకుంది. ఈ గడ్డల్ని చాలామంది మొదట అలాగే అనుకుంటారు. నేను ఒకసారి చూసి సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర రాశాను, ఐదు రోజులు వాడి రమ్మన్నాను. వేలు పెట్టి నొక్కి చూడలేదు. బయట చాలామంది కూర్చుని ఉన్నారు, తొందరలో ఉన్నాను. అది నా తప్పే.

ఐదో రోజు పిల్లాడు కుంటుకుంటూ వచ్చాడు. గడ్డ కోడిగుడ్డంత అయింది. నడిమధ్య చర్మం పల్చబడి మెరుస్తోంది. వేలితో నొక్కితే లోపల నీళ్లసంచిలా కదులుతోంది. మత్తు సూది వేసి కోత పెట్టాను. చీము ఒక్కసారిగా తన్నుకొచ్చింది. లోపల గదులు గదులుగా ఉన్న చీమునంతా ఫోర్సెప్స్‌తో విడగొట్టి, సెలైన్‌తో కడిగి, కట్టు కట్టాను. కొంచెం చీము ల్యాబ్‌కి పంపాను. మూడు రోజులకి వచ్చిన రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌ఏ అని ఉంది, అంటే మెథిసిలిన్ అనే పెన్సిలిన్ జాతి మందుకీ, దానిలాంటివాటికీ లొంగని స్టాఫ్ (స్టాఫిలోకాకస్) బ్యాక్టీరియా. నేను రాసిన మందు దానిమీద పనిచేయదు. అయినా రిపోర్టు చేతికొచ్చేసరికి పిల్లాడి నొప్పి, వాపు చాలావరకు తగ్గిపోయాయి. తగ్గించింది నా మాత్ర కాదు, ఆ కోత.

ఇది ఎందుకిలా జరుగుతుందో చదువరులకి తెలియాలి. ఈ బ్యాక్టీరియా తన చుట్టూ ఒక గోడ కట్టుకుంటుంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, క్లాక్సాసిలిన్, సెఫలెక్సిన్ లాంటి మందులు ఆ గోడ కట్టే మేస్త్రీ లాంటి ప్రొటీన్ చేతులు కట్టేస్తాయి. ఎంఆర్‌ఎస్‌ఏ దగ్గర ఇంకో మేస్త్రీ ఉన్నాడు. మెక్‌ఎ అనే జన్యువు వల్ల తయారయ్యే ఆ ప్రొటీన్‌కి ఈ మందులు సరిగ్గా అంటుకోవు. అందుకే డోసు పెంచినా, ఒక బ్రాండ్ మార్చి ఇంకో బ్రాండ్ రాసినా లాభం లేదు. పైగా చీము నిండిన గడ్డలోకి రక్తం సరిగ్గా పోదు. రక్తం పోని చోటికి మంచి మందు కూడా కావలసినంత చేరదు. ఈ రెండో కారణాన్ని మనం మరీ తేలిగ్గా మర్చిపోతున్నాం.

ఇదేం నిన్న మొన్నటి ముచ్చట కాదు. మెథిసిలిన్ 1959లో వాడుకలోకి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 1961లో, దానికి లొంగని స్టాఫ్ బ్రిటన్‌లో బయటపడింది. చాలా ఏళ్లు అది ఆస్పత్రుల జబ్బుగానే ఉంది. 1990లు వచ్చేసరికి ఆస్పత్రి గడప తొక్కనివాళ్లలోనూ కనిపించసాగింది. అమెరికాలో మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న నలుగురు పిల్లలు దీనివల్ల చనిపోయారని 1999లో అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ ప్రకటించింది. ఆ పిల్లలకి మొదట ఇచ్చిన మందులు ఆ బ్యాక్టీరియా మీద పనిచేయనివే. నేను ఆ రిపోర్టు చాలాకాలం కిందటే చదివాను. చదివి కూడా ఆ అబ్బాయికి అలా పనిచేయని మందే రాశాను.

మరి కోత చాలా, మాత్ర కూడా కావాలా? దీని మీద మంచి పరిశోధన ఉంది. 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఐదు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 786 మందికి, పిల్లలకీ పెద్దలకీ, అందరికీ ముందు చీము తీశారు. తర్వాత కొందరికి క్లిండమైసిన్, కొందరికి ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మాత్ర, మిగతావాళ్లకి మందు లేని మాత్ర పది రోజులు ఇచ్చారు. మందు వాడినవాళ్లలో 100కి 82, 83 మందికి నయమైంది. మందు లేని మాత్ర వాడినవాళ్లలోనూ దాదాపు 69 మందికి నయమైంది. నాకు ఇందులో రెండు సంగతులూ ముఖ్యమే. సరైన మాత్ర తప్పకుండా మేలు చేస్తుంది, దాన్ని కాదనడం లేదు. కానీ పనిలో పెద్ద వాటా కోతదే. మనం చేస్తున్నదేమో తలకిందులు. కోత మానేసి, పనిచేయని మాత్ర ఇస్తున్నాం.

సరైన మాత్ర అంటే ఇలాంటి గడ్డలకి సల్ఫా మాత్ర, డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్. ఏది ఎవరికి అన్నది డాక్టర్ తేల్చాలి. సల్ఫా పడనివాళ్లుంటారు, చిన్నపిల్లలకీ గర్భిణులకీ డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇవ్వం, క్లిండమైసిన్‌తో కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకో విషయం, చీము లేకుండా చర్మం ఎర్రగా కందిపోయి పాకే ఇన్ఫెక్షన్ వేరు. అది ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా పని, దానికి సెఫలెక్సిన్ చక్కగా పనిచేస్తుంది. చీముందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో మందు మారిపోతుంది. అది తెలియాలంటే వేలు పెట్టి నొక్కి చూడాలి. అనుమానంగా ఉంటే అల్ట్రాసౌండ్ ఉంది. ఇవేవీ చేయకుండా భయంతో నేరుగా లినెజోలిడ్ రాసేయడం కూడా చూస్తున్నాను. అది రేపు ప్రాణం మీదికొచ్చిన రోగికి దాచుకోవలసిన మందు.

జనానికి చెప్పవలసింది కూడా ఉంది. గడ్డని ఇంట్లో పిన్నుతో పొడవద్దు, పిసకొద్దు. జ్వరం వచ్చినా, ఎరుపు గంటగంటకీ పాకుతున్నా, గడ్డ ముక్కు, కళ్ల దగ్గర లేచినా, షుగర్ ఉన్నా, పసిపిల్లలైనా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మానేదాకా పుండు మీద కట్టు ఉండాలి. తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్లకే ఉండాలి. నేను కోత పెట్టిన అబ్బాయి అక్కకి మూడు వారాలకి నడుం మీద అలాంటి గడ్డే లేచింది. ఇద్దరూ ఒకే తువ్వాలు వాడుతున్నారని అప్పుడు తెలిసింది. మొదటిరోజే నేను అడిగి ఉండాల్సింది. దాదాపు 100 మందిలో 30 మంది ముక్కుల్లో స్టాఫ్ ఏ హానీ చేయకుండా ఉంటుంది, కాబట్టి ఎవర్నీ తప్పు పట్టే పని లేదు. గడ్డలు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం ముక్కులో రాసే మ్యుపిరోసిన్ లేపనం, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం లాంటివి ఉన్నాయి. అవి ఇంటిల్లిపాదీ ఒకేసారి చేస్తే మంచిది.

ఆరోగ్య శాఖ అధికారులు ఈ ఉత్తరం చూస్తారనే ఆశతో రెండు మాటలు. గడ్డ కోయడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది, మాత్ర రాయడానికి రెండు నిమిషాలు చాలు. చిన్న క్లినిక్‌లలో కోతకి కావలసిన ట్రే, మత్తు మందు, సాయానికి ఒక నర్సు లేకపోతే డాక్టర్ చేయి రెండో దారికే పోతుంది. ఆ తప్పు ఒక్క డాక్టర్ది మాత్రమే అనలేం. రెండోది ల్యాబ్ రిపోర్టుల సంగతి. చీములో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ రిపోర్టులు ఎక్కడివక్కడ ఫైళ్లలో పడి ఉంటున్నాయి. వాటిని ఏడాదికొకసారి కూడబెట్టి, మన చుట్టుపక్కల స్టాఫ్ ఏ మందుకి లొంగుతోంది, ఏ మందుకి లొంగడం లేదు అని ఒక్క పేజీ పట్టిక చేసి ప్రతి క్లినిక్‌కీ పంపితే చాలు. రిపోర్టు రావడానికి పట్టే ఆ మూడు రోజులూ మేం గుడ్డిగా మందు రాయక్కర్లేదు. ఆ అబ్బాయి మొదటిసారి వచ్చిన రోజు అలాంటి కాగితం ఒకటి నా బల్ల మీద ఉండి ఉంటే, కనీసం సెఫలెక్సిన్ రాసే ముందు నా పెన్ను ఆగేది.

ఇట్లు,
ఒక క్లినిక్ డాక్టర్