పక్క కుర్చీలో ఆయనే!

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నాకు టైలర్ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా మిషన్ పక్కన రేడియో మోగాల్సిందే. అందులో ఒక వయొలిన్ విద్వాంసుడి కచేరీలంటే నాకు ప్రాణం. ఆయన్ని చూసింది మాత్రం లేదు.

మొన్న ఆదివారం మా ఊళ్లో పిల్లల కచేరీకి వెళ్లాను, మా మేనకోడలు వాయిస్తోందని. వెనక వరుసలో నా పక్కన ఓ పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు. పాప మోహన రాగంలో వర్ణం అందుకుంది. మొదటి సగం చివర వచ్చే ముక్తాయి స్వరం దగ్గర తడబడింది. ‘పర్లేదమ్మా, కానీ’ అన్నారాయన మెల్లగా. రేడియో ఇంటర్వ్యూలో విన్న గొంతే! ఎడమ చేతి వేళ్లు చూశాను. తీగలు నొక్కి నొక్కి కొసలు కాయలు కాసి, సన్నటి గీతలు పడి ఉన్నాయి. ‘గురువుగారూ, మీరేనా?’ అన్నాను. నా గొంతు వణికింది. ‘నేనేనమ్మా. ముందు పిల్లల్ని విందాం’ అన్నారు.

హాల్లో ముప్పై మందిమి కూడా లేం. 1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. చాలా బాధేసింది. కచేరీ ఉందని ఎవరికీ తెలియకపోతే ఎలా వస్తారు?

దయచేసి ఇలాంటి కార్యక్రమాల వివరాలు జిల్లా పేజీలో ముందురోజే వేయండి. ఆ ముక్క కత్తిరించి మా షాపు తలుపు మీద నేనే అంటిస్తాను.

– ఒక పాఠకురాలు, విజయనగరం