మీ చిల్లర డబ్బాలు ఒకసారి కుమ్మరించి చూడండి

అందరికీ నమస్కారం. నిన్న బ్యాంకులో నాలుగు డైమ్ రోల్స్, అంటే అమెరికా పది సెంట్ల నాణేల చుట్టలు, తెచ్చుకున్నాను. ఇరవై డాలర్లు, రెండు వందల నాణేలు. మూడో రోల్ విప్పగానే వరసగా కనిపించే అంచుల మధ్య ఒకటి మాత్రం తెల్లగా ఉంది, రాగి గీత లేదు. తీసి చూస్తే 1964! 90 శాతం వెండి. అదే గుర్తు పెట్టుకోండి: 1965 నుంచి వచ్చిన డైమ్, క్వార్టర్ల (పావు డాలరు నాణేల) అంచున రాగి గీత కనిపిస్తుంది. హాఫ్ డాలర్లు దొరికితే 1970 వరకు చూడండి, వాటిలో 40 శాతం వెండి ఉండొచ్చు.

పెన్నీలు (ఒక సెంటు నాణేలు) కూడా పారేయకండి. 2025 నవంబరులో ఫిలడెల్ఫియాలో వాడకం కోసం ఆఖరి పెన్నీలు కొట్టారు. 1909 నుంచి 1958 వరకు వచ్చిన వాటి వెనక రెండు గోధుమ కంకులుంటాయి. 1943 పెన్నీ ఉక్కుది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. యుద్ధానికి రాగి కావాల్సి వచ్చి అలా చేశారు.

ఒక్క మాట, దయచేసి నాణేలు తోమకండి. మొదట్లో నేను 1919 పెన్నీని ఇత్తడి చెంబులా చింతపండుతో తోమాను. వందేళ్ల ముదురు గోధుమరంగు పోయి, పచ్చి గులాబీ రంగు తేలింది. సేకరించేవాళ్లకి ఆ పాత రంగే ముఖ్యం. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఏదైనా దొరికితే రెండు వైపులా, అంచు కూడా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. కలిసి చూద్దాం.