అయ్యగారి వీడ్కోలు సభకు ముందు, బిడ్డకు

మహబూబ్‌నగర్

ప్రియమైన బిడ్డకు,

నాన్న దీవెనలు. మీ ప్రెస్బిటేరియన్ సంఘ పాస్టరుగారు పదవీ విరమణ చేస్తున్నారనీ, ఆయన సేవను గురించి వీడ్కోలు సభలో మాట్లాడే బాధ్యతను సంఘపెద్దవైన నీకు అప్పగించారనీ తెలిసి మీ అమ్మా నేనూ చాలా సంతోషించాము. అమెరికాలోని ప్రెస్బిటేరియన్లలో పెద్ద శాఖ 1930లోనే స్త్రీలను సంఘపెద్దలుగా, 1956లో పాస్టర్లుగా అంగీకరించిందని చదివాను. ఆ వరుసలో నా బిడ్డ నిలబడడం నాకు గర్వంగా ఉంది.

నువ్వు పంపిన ప్రసంగంలో కొత్త హాలు, పెరిగిన సభ్యత్వం, తీరిన అప్పు అన్నీ ఉన్నాయి కానీ పాస్టరుగారు నాకు కనబడలేదు. మీ పద్ధతిలో పాస్టరును బిషప్పు నియమించడు. సంఘం పిలుస్తుంది, ఆ ప్రాంతపు సంఘాల పాస్టర్లూ పెద్దలూ కలిసిన ప్రెస్బిటరీ ఆమోదిస్తుంది, ఆ తరువాత కూడా ఆయన పెద్దలతో సెషన్‌లో, అంటే సంఘ పాలక మండలిలో, కూర్చొని నిర్ణయించవలసిందే. అందువల్ల ఆ హాలు మీ అందరి పని. ఆయన ఒక్కడే చేసినది ఇళ్లలో, ఆసుపత్రి మంచాల దగ్గర జరిగి ఉంటుంది. దానిని అడిగి తెలుసుకో.

మన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంలో నీ చిన్నప్పటి పాస్టరు అయ్యగారిని తలచుకో. దసరా దాటగానే మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకొని సగం సంఘం బొంబాయికీ పుణెకూ వలస పోయేది. గుడిలో ముసలివాళ్లూ పిల్లలూ మిగిలేవారు. ఎవరు ఏ ఊళ్లో, ఏ మేస్త్రీ కింద ఉన్నారో ఆయన ఒక నోటుపుస్తకంలో రాసుకొని, ప్రతి ఆదివారం ప్రార్థనలో ఒక్కొక్క పేరూ చదివేవారు. చూపు తగ్గిన ఒక అవ్వ ఇంటి అరుగు మీద కూర్చొని, ఆమె కొడుకు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాన్ని మొదట మామూలుగా, రెండోసారి ఆమె ఆపి అడిగిన ప్రతి మాట దగ్గరా ఆగుతూ చదివి, జవాబు కూడా అక్కడే రాసి ఇచ్చేవారు. ఏ సంఘ నివేదికలోనూ ఈ పని లేదు, కానీ ఉగాది తరువాత తిరిగివచ్చినవాళ్లు ఇంట్లో మూట దించి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లేవారు.

మరొకటి. మనం విశ్వసించినవారికే ముంచి బాప్తిస్మం ఇస్తాము, మీరు పసిపిల్లలకు కూడా ఇస్తారు. అంటే మీ పాస్టరుగారు ఎత్తుకొని బాప్తిస్మం ఇచ్చిన బిడ్డలకే తరువాత పెళ్లి కూడా చేసి ఉండవచ్చు. అలాంటి ఒక కుటుంబాన్ని వెతికి, వాళ్ల అనుమతితో చెప్పు. అది నువ్వు రాసిన సంఖ్యలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

విరమణ చేసిన పాస్టరు కొత్తవారికి చోటివ్వడానికి పాత సంఘంలో పెళ్లిళ్లకూ సమాధి కార్యక్రమాలకూ తనంతట తాను వెళ్లడని నువ్వు రాశావు. ఇక్కడ పాత అయ్యగార్లను ఇంకా పిలుస్తూనే ఉంటాము. అది మాకు ఇష్టమే అయినా, మీ కట్టుబాటులో గొప్ప త్యాగం ఉన్నదని నాకు అనిపిస్తున్నది. ఇన్నేళ్లు తెరిచి ఉన్న గుమ్మాలకు ఆయన ఇక దూరంగా ఉండబోతున్నారు. ఆ మాట సభలో తప్పక చెప్పు. ఆయన భార్యను కూడా పేరు పెట్టి పిలిచి కృతజ్ఞత తెలుపు.

తిరగరాసిన ప్రసంగాన్ని సభకు ముందే పంపు. అమ్మకు చదివి వినిపిస్తాను.

మీ నాన్న