కోసి తీసిన పేగు ముక్క ల్యాబ్‌కు చేరాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మా బావమరిదిది రాజోలు దగ్గర పల్లెటూరు, కొబ్బరికాయల వ్యాపారం. వయసు 46. కిందటేడు వానాకాలంలో అతనికి కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. ఆ జబ్బు పేరు తెలియడానికి పది నెలలు పట్టింది. చివరికి దాన్ని బయటపెట్టింది ఆపరేషన్‌లో కోసి తీసిన పేగు ముక్క. ఆ ముక్కను మేం పాతిపెట్టబోయాం. అందుకే ఈ ఉత్తరం.

మొదట ఊళ్లో నెత్తురు బంక అన్నారు. తర్వాత మొలలన్నారు. టౌనులో కొలనోస్కోపీ చేసి, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పెట్టి, పేగులో పుళ్లు చూసి, టీబీ అయినా కావచ్చు, క్రోన్స్ (పేగులు దీర్ఘకాలం వాచి పుళ్లు పడే జబ్బు) అయినా కావచ్చు అన్నారు. మన దేశంలో పేగు టీబీ ఎక్కువ, ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కాబట్టి ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను. చివరికి క్రోన్స్ అనుకుని, వాపు తగ్గించే స్టెరాయిడ్లు ఇచ్చారు. షుగర్ పెరిగింది గానీ నెత్తురు ఆగలేదు. మనిషి సగమయ్యాడు. ఒక రాత్రి నొప్పి తట్టుకోలేకపోతే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. పెద్దపేగు ఎడమ భాగం నల్లబడిందని మూరెడు ముక్క కోసి తీశారు.

ఆపరేషన్ అయిన కాసేపటికి థియేటర్ తలుపు తీసి ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టారు. "బయాప్సీ చేయించుకుంటే చేయించుకోండి" అన్నారు. బయాప్సీ అంటే ఆ ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించడం. ఎక్కడ చేయిస్తారో, ఎందుకు చేయించాలో ఒక్క మాట చెప్పలేదు. మా మావగారు డబ్బా చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "రోగమున్న ముక్క తీసేశారుగా, మళ్లీ దానికి ఖర్చెందుకు, ఏటిగట్టు పక్కన పాతిపెట్టేద్దాం" అన్నారు. అప్పటికే అప్పుచేసి బిల్లు కట్టాం. నేనూ సరేనన్నాను. వార్డులో ఉన్న నర్సమ్మ విని పరుగున వచ్చింది. డబ్బాలో ఉన్నది ఉత్త సెలైన్ అని చూసి, అది పారబోసి, ముక్క పూర్తిగా మునిగేలా ఫార్మలిన్ (ముక్క చెడకుండా కాపాడే మందునీళ్లు) పోయించింది. సెలైన్‌లో ఉంటే ముక్క కుళ్లిపోతుందట, ఇక సూక్ష్మదర్శినిలో ఏమీ తెలియదట. ల్యాబ్ అడ్రసు కూడా ఆవిడే రాసిచ్చింది. ఆవిడకు మేం జన్మంతా రుణపడి ఉన్నాం.

రిపోర్టులో వచ్చిన పేరు ఎంటెరోకోలిక్ లింఫోసైటిక్ ఫ్లెబైటిస్. పేగు నుంచి నెత్తురును వెనక్కి తీసుకెళ్లే సిరల్లోకి తెల్ల రక్తకణాలు చేరి, గోడలు వాచి, దారి మూసుకుపోయే జబ్బు ఇది. నెత్తురు తెచ్చే ధమనులు మాత్రం బాగానే ఉంటాయి. మా డెల్టా వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పంటకాలువలో నీరు వస్తూనే ఉంటుంది. మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోతుంది. పోయే దారి లేక చేను మునిగి కుళ్లుతుంది. అతని పేగుకు జరిగింది అదే.

ఇది చాలా అరుదైన జబ్బు, కారణం ఇంకా తేలలేదు. దీనికి దగ్గరి జబ్బులు మరికొన్ని ఉన్నాయి. పేగు సిరల వాపును 1994లో ఒక వైద్య పత్రిక మెసెంటరిక్ ఇన్‌ఫ్లమేటరీ వీనో-అక్లూజివ్ డిసీజ్ అనే పేరుతో వివరించింది. వాపు లేకుండానే సిర గోడ లోపలి నుంచి మందమెక్కే ఇంకో జబ్బును అంతకు ముందే, 1991లో, నలుగురు రోగుల్లో గుర్తించారు. కొలనోస్కోపీలో గిల్లి తీసేది పేగు లోపలి పొరలో చిన్న ముక్క. జబ్బున్న సిరలు ఎక్కువగా అంతకన్నా లోతున, పేగు గోడలోనూ పేగును పట్టి ఉంచే పొరలోనూ ఉంటాయి. అందుకే ఆ బయాప్సీలో ఇది చాలాసార్లు దొరకదు. స్టెరాయిడ్లు సాధారణంగా పనిచేయవు. చెడిన భాగం తీసేస్తే మాత్రం ఎక్కువమందికి తిరగబెట్టదు.

రిపోర్టు చూశాక డాక్టరు స్టెరాయిడ్లను మెల్లగా తగ్గించి ఆపేశారు. "బావా, ఇంక ఆ మాత్రలు వేసుకోక్కర్లేదా?" అని అతను నన్ను రెండుసార్లు అడిగాడు. ఆ డబ్బా మట్టిలోకి పోయి ఉంటే క్రోన్స్ అనే పేరుతో ఏళ్లతరబడి ఆ మందులే మింగేవాడు.

ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఉచిత పథకం కింద చేసినా, సొంత డబ్బుతో చేయించుకున్నా, కోసి తీసిన ప్రతి పేగు ముక్కనూ ఆసుపత్రే ఫార్మలిన్‌లో ఉంచి ల్యాబ్‌కు పంపాలి. దాన్ని రోగి బంధువుల చేతిలో పెట్టకూడదు. పరీక్ష ఖర్చును ఆపరేషన్ బిల్లులోనే కలపాలి, విడిగా అడిగితే పేదవాళ్లు వద్దంటారు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అమలాపురం లాంటి ఏరియా ఆసుపత్రుల నుంచి వచ్చే ముక్కలను అక్కడి పాథాలజీ విభాగాలు (ఇలాంటి ముక్కలను పరీక్షించి జబ్బు తేల్చేవి) చూసేలా ఏర్పాటు చేయాలి. ధమనులు బాగుండి పేగు మాత్రం నల్లబడినప్పుడు సిరలను ప్రత్యేకంగా చూడమని సర్జన్ ముక్కతో పాటు పంపే కాగితం మీద రాయాలి.

రోగుల బంధువులకు ఒక మాట. రిపోర్టుతో పాటు స్లైడ్లు (ముక్క నుంచి పలచగా కోసిన పొరలు అంటించిన గాజు పలకలు), మైనపు బ్లాకులు (ముక్కను మైనంలో పొదిగి దాచినవి) కూడా అడగండి. రెండో డాక్టరు వాటిని మళ్లీ చూడగలరు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రోగి రికార్డులు ఇవ్వాలి. మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మా బావమరిది స్లైడ్లు ఇప్పుడు మా ఇంట్లో బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కనే ఉన్నాయి.

— ఒక పాఠకుడు, మలికిపురం