లంకల కోతకు లెక్క కట్టండి

కోనసీమ లంకల్లో, అంటే ఏటి మధ్య దిబ్బల్లో, గోదావరి గట్టు కోతను వరదల నాటి కష్టంగానే చూస్తున్నారు, అది సరికాదు. వంపు తిరిగే చోట ప్రవాహం బయటి గట్టును ఒరుసుకుంటూ అడుగున తవ్వేస్తుంది, ఆ ఇసుకను కింది వంపుల్లో లోపలివైపు మేట వేస్తుంది. ఇది ఏటా జరిగేదే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు అందరూ వచ్చి చూశారు. కానీ మా వైపు అసలు టెన్షన్ నీరు తీశాకే. నానిన గట్టుకు నీటి ఆసరా పోగానే నిలువునా బీట వారుతుంది, కాపు మీదున్న కొబ్బరి చెట్టు వేళ్లతో సహా ఏట్లోకి ఒరుగుతుంది. ఒక ఊరి ముందు రాళ్లు పోస్తే నీటి ఒరవడి కింది ఊరి మీదికి మళ్లడమూ చూస్తున్నాం. కాబట్టి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలన్నిటినీ కలిపి గట్టు రక్షణకు ఒకే ప్రణాళిక వేయాలి. ఏటా వరద తగ్గాక ఉపగ్రహ చిత్రాలతో గట్టు ఎంత జరిగిందో కొలిచి, ఆ పటాన్ని గ్రామ సచివాలయంలో పెట్టాలి. కోత పడే వంపుల దగ్గర ఇసుక తవ్వకం పూర్తిగా ఆపాలి. భూమి పోయిన రైతుకు పరిహారంతో పాటు, కొత్తగా లేచిన మేటల్లో సాగుకు మొదటి హక్కు ఇవ్వాలి.

– ఒక లంక రైతు, కోనసీమ